డెమో మామ

ప్రతి బంధువర్గంలోనూ ఒకాయన ఉంటాడు. పెళ్లి ఎవరిదైనా ఎంపిక ఆయనది. వంటవాణ్ణి పిలిపించి రసం తాగి చూసేదీ, మండపంలో కుర్చీలో కూర్చుని వెనక్కి వాలి అది విరుగుతుందో లేదో తేల్చేదీ ఆయనే. తమిళనాడు కోవిల్‌పట్టిలో మా వైపు ఆ పదవి చిన్నమామది. పిల్లలంతా డెమో మామ అంటారు. మా ఊరి కడలై మిట్టాయికి, అంటే వేరుశనగ చిక్కీకి, 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అది కొనేటప్పుడు కూడా ఒక ముక్క నోట్లో వేసుకుంటాడు. ఇంకా రుచి చూడటం ఎందుకు మామా అంటే, "గుర్తింపు ఊరికొచ్చింది రా, ఈ పొట్లానికి కాదు" అన్నాడు.

పోయిన తై నెలలో ఆయన మేనకోడలి పెళ్లి. పిల్ల ఒకే ఒక్క కోరిక కోరింది: వరవేర్పులో, అంటే రిసెప్షన్‌లో, ఫొటో బూత్ ఉండాలి. ఈ సంగతి హైదరాబాదు స్నేహితుడికి ఫోన్‌లో టైపు చేసి పంపాను. తొందరలో "పెళ్లిలో బూతు పెడుతున్నాం" అని వెళ్లింది. "అరవదేశం పోయి చెడిపోయారు మీరు" అని జవాబొచ్చింది. మామకి ఆ బెంగ లేదు. ఒకప్పుడు బజార్లో ఎస్టీడీ బూత్ నడిపిన మనిషి. బూత్ అన్నాక అన్నీ ఒకటే అని ఆయన నమ్మకం: జనం లోపలికి పోవాలి, పని కావాలి, బయటికి రావాలి, వెనక నిలబడ్డవాడు తిట్టకూడదు.

ముగ్గుర్ని పిలిపించాడు, డెమోకి.

మదురై నుంచి వచ్చినవాడిది 360. గుండ్రటి పీట, దాని చుట్టూ తిరిగే ఇనుప చెయ్యి, చెయ్యి కొనకి ఫోను, లైటు. మనం పీటెక్కి గంతేస్తే ఆ గంతుని నీళ్లలో ఈదుతున్నట్టు నెమ్మదిగా చూపిస్తుంది. పిల్లలు ఎగబడ్డారు. మామ వాళ్లని ఆపి అవ్వని తీసుకొచ్చాడు. "వయసు పిల్లలతో ఏ మిషనైనా పని చేస్తుంది. ముందు అవ్వతో చెయ్యనీ."

అవ్వ చెప్పులు విడిచి, పీటని కళ్లకద్దుకుని ఎక్కింది. చెయ్యి కదలగానే ఆవిడ కూడా దాంతోపాటు తిరగడం మొదలెట్టింది, ముఖం దానికే కదా చూపించాలని. వీడియోలో చూస్తే అవ్వ కొండలా కదలకుండా ఉంది, కల్యాణ మండపమే గిరగిరా తిరుగుతోంది. దిగి వచ్చి, "మనం దేవుడి చుట్టూ తిరగాల గానీ, ఇది మన చుట్టూ తిరిగేదేమి? పాపం కాదా?" అంది.

తర్వాత మామ భుజం మీది తుండు తీసి, పీట అంచున పట్టుచీర కొంగు వేలాడినట్టు వేలాడదీశాడు. చెయ్యి వచ్చింది, తుండుని లాక్కుని ఒక ప్రదక్షిణ చేసింది. ఆపరేటరు ముఖం చూడలేకపోయాం. ఇక లెక్క మొదలైంది. ఎక్కడం, తిరగడం, దిగడం, ఫోన్‌లోకి తెప్పించుకోవడం, గుంపుకి రెండు నిమిషాలు. ఏడు నుంచి తొమ్మిది దాకా అరవై గుంపులు. పీట మీద ముగ్గురు. నూట ఎనభై మంది. "మిగతా వెయ్యి మంది ఏం చెయ్యాల, చెయ్యి ఊపాలా?" నవ్వాం గానీ, నిజం చెప్పాలంటే ఈ లెక్క బయానా ఇచ్చే ముందు ఎవరూ వెయ్యరు.

రెండోవాడిది నిలువుటద్దం. ముట్టుకుంటే ఇంగ్లీషులో పొగుడుతుంది. మన జనం ముందు అద్దం పెడితే ఫొటో దిగరు, తల దువ్వుకుంటారు అని మామ అయిదు నిమిషాల్లో పంపించేశాడు.

మూడోది మామూలు పెట్టె. కెమెరా, లైటు, పక్కన ప్రింటరు, వెనక ప్లాస్టిక్ ఆకుల గోడ. మామ ఆ ఆకుల్ని చాలాసేపు చూశాడు. ఆయన అమ్మానాన్నల పెళ్లి ఫొటో మా ఇంట్లో ఇంకా ఉంది. కోవిల్‌పట్టి స్టూడియోలో తీసింది. వెనక గీసిన తెర: పాలరాతి మెట్లు, పూలకుండీ, దూరంగా చెరువు, అందులో హంసలు. ఈ నల్లరేగడి బీడులో హంస ఎక్కడ చచ్చింది? అయినా ఆ తెర అబద్ధమని ఎవరికీ అనిపించదు. తెరలు గీయడం మాకు కొత్త కాదు. నాటక కంపెనీలకు తెరలు గీస్తూ వచ్చి ఇక్కడే స్థిరపడ్డ సి. కొండయ్య రాజు మా ఊరివాడే. 1976లో పోయాడు. ఆయనా ఆయన శిష్యులూ గీసిన దేవుళ్లు శివకాశిలో అచ్చై క్యాలెండర్లుగా దేశంలో ఎన్ని గోడలెక్కారో లెక్కలేదు. అలాంటి ఊళ్లో ఈ చైనా ఆకులా, అని మామ గొణిగాడు. ఆకులు తీసేయించి ఎర్ర జంపఖానా కట్టించాడు.

పెట్టెలో ఆయనకి నచ్చింది కాగితం చేతికి రావడం. పసుపు, గులాబి, నీలం రంగులు వేడికి ఒకదాని మీద ఒకటి ఎక్కి, చివర గాజులాంటి పూత పడుతుంది. ఆ పూత సంగతి తేల్చడానికి వంటింట్లోంచి గరిటెడు సాంబారు తెప్పించి ఫొటో మీద పోశాడు. తుడిస్తే పోయింది. "బంతి దగ్గర కూడా చూసుకోవచ్చు" అన్నాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. పసుపూ గులాబీ ఎక్కి నీలం ఎక్కకముందే ఆగిపోయిన మామ బొమ్మ, కుంకుమ భరిణెలోంచి లేచినట్టు బయటికొచ్చింది. "జెనరేటరు అందుకునేలోపు ఇదీ గతి. యూపీఎస్ తెచ్చుకో." అట్ట కిరీటాలూ కర్ర మీసాలూ ఉన్న బుట్టని వెనక్కి పంపేశాడు. నిజం మీసాలున్న జిల్లాలో కర్ర మీసాలు ఎవడు పెట్టుకుంటాడు?

బేరంలో నేను సాయం చేయబోయి చెడగొట్టాను. 1925లో న్యూయార్క్ బ్రాడ్‌వేలో అనటోల్ జోసెఫో అనే సైబీరియా నుంచి వచ్చినాయన తన ఫొటో పెట్టె పెట్టాడనీ, పావు డాలరు వేస్తే ఎనిమిది ఫొటోలు వచ్చేవనీ, ఆరు నెలల్లో 2,80,000 మంది దిగారనీ చెప్పాను. మామ వెంటనే ఆపరేటరు వైపు తిరిగాడు. "విన్నావా? నూరేళ్ల కిందటే ఎనిమిది ఇచ్చాడంట. నువ్వు ఒకటిస్తానంటావు." రెండు దగ్గర తెగింది.

బూత్ ఎక్కడ పెట్టాలనేది ఇంకో రాత్రంతా నడిచింది. వాకిట్లో మొయి రాసే బల్ల. అదేనండీ, చదివింపులు, ఇక్కడ నోటుబుక్కులో రాస్తారు. బూత్ దానికి ముందుంటే జనం ఫొటో దిగి అటే బంతికి పోతారు. "మొయి దాటాకే ఫొటో, ఫొటో దాటాకే ఆకు." ఇంత మంచి పటం ఏ ఇంజనీరూ గీయలేదు. తీరా ఆ రాత్రి జనం మొయి రాసి, ఫొటోని చూడకుండా మొదటి బంతికి పరుగెత్తారు. తొమ్మిదిన్నరకి, తాంబూలం నములుతూ, అందరూ ఒక్కసారి వచ్చి పడ్డారు.

మామ పేరు సాత్తూరు దాటి విరుదునగర్‌కి పాకింది. పప్పు, మిరపకాయ, నూనె ధరలు పలికే ఊరు. అక్కడొక వ్యాపారి తన డీలర్ల సమావేశానికి బూత్ ఎంచమన్నాడు. కంపెనీ బూత్‌లో ఫొటో కావాలంటే ఫోను నంబరు కొట్టాలి. విరుదునగర్ వ్యాపారి సరుకు శాంపిల్ చూపిస్తాడు గానీ నంబరు చూపిస్తాడా? అందరూ తమ గుమస్తాల నంబర్లిచ్చారు. యజమానుల నవ్వులన్నీ గుమస్తాల ఫోన్లలో పడ్డాయి. సమ్మతి లేకుండా జనం వివరాలు తీసుకోకూడదని 2023లో చట్టం వచ్చింది. వీళ్లు దానికి చాలా ముందు నుంచే పాటిస్తున్నారు.

పెళ్లి రాత్రికే మళ్లీ వస్తాను. నాకు తెలియకుండా మామ ఒక పని చేయించాడు. ఫొటో అడుగున తెలుగులో "మీ రాక మాకు సంతోషం" అని అచ్చు. మాకు తెలుగు నోటి వరకే. పక్కనున్న ఇడైసెవల్‌లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్‌కీ ఇంట్లో తెలుగు, కాగితం మీద తమిళం. ఆ తమిళానికే 1991లో సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. మాదీ అదే ఏర్పాటు, అవార్డు తప్ప. నేను హైదరాబాదు ఉద్యోగంలో సిటీ బస్సుల బోర్డులు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. మా వాళ్లలో చదవగలిగింది నేనొక్కణ్ణే.

ఫొటో నా చేతికొచ్చేసరికి మూడొందలు అచ్చయిపోయాయి. డిజైన్ చేసినవాడు సెట్టింగు మార్చకుండా తెలుగు అతికించాడు. గుడి దీర్ఘం దొర్లిపోయింది, ఓత్వం విడిపోయింది, ఆధారం లేని ప్రతి గుర్తుకీ ఒక చుక్కల సున్నా వచ్చి కూర్చుంది.

"ఏమి రాసుంది నాయనా?" అంది అవ్వ.

"మీ రాక మాకు సంతోషం" అన్నాను.

అవ్వ ఆ సున్నాల మీద వేలు పెట్టి తడిమింది. మామ ఛాతీ విరుచుకుని, "డెమో చూసే ఒప్పుకున్నాను. ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడు. మామూలు తెలుగు కూడా ఇంత గుండ్రంగా ఉండదు" అన్నాడు.

నిన్న ఫోన్ చేశాడు. కొత్తింటి గృహప్రవేశం పత్రికకి శివకాశిలో ఇచ్చేశాడట, అవే అక్షరాలతో. ప్రూఫ్ ఒకసారి నాకు పంపమన్నాను.

"నీకెందుకు రా శ్రమ? గుండ్రంగా ఉన్నాయో లేదో నేను చూసుకోలేనా?"