నరాల చిన్నాయన

రామన్నపేట బస్టాండు ముందర చాయ్ తాగుతూ ఎవరైనా చెయ్యి దులుపుకున్నా, మెడ రుద్దుకున్నా మా చిన్నాయన గ్లాసు కింద పెట్టేస్తాడు. "ఏమైంది? నరం వట్టిందా?" జవాబు కోసం ఆగడు. అప్పటికే ఆయన బొటనవేలు ఎదుటివాడి భుజంలో దిగి ఉంటుంది.

ఇట్లాంటి మనిషి లేని ఊరు మన దిక్కు ఉండదు. చేసింది సర్కారు ఆఫీసులో అటెండరు నౌకరి, రిటైరయ్యాక పట్టింది వైద్యం. ఫీజు లేదు, బోర్డు లేదు, రోగి ఒప్పుకోవాలన్న నియమం అసలే లేదు.

ఆయన లెక్కలో ఒంట్లో ఉన్నవి రెండే: బొక్కలు, నరాలు. కండను బొక్కకు కట్టేసే స్నాయువులు వేరే ఉంటాయని చెప్పబోతే "నొప్పి ఒక్కటే గద" అంటాడు. చికిత్సలు మూడు: రుద్దుడు, కాపుడు, కట్టుడు. రుద్దడానికి కర్పూరం నూనె, కాపడానికి ఇటుక, కట్టడానికి జిల్లేడాకు. కంప్యూటర్ పనితో నాకు మోచేయి నొప్పి పట్టుకుంటే మూడూ ఒకే పూట అమలు చేశాడు. ఆ సాయంత్రం పెళ్లి భోజనాల్లో నా అటుపక్క, ఇటుపక్క కుర్చీలు చివరిదాకా నిండలేదు.

పైగా "మావోనికి సచిన్‌కు వచ్చిన నొప్పే వచ్చింది" అని ఊరంతా చాటాడు. 2004లో టెండూల్కర్ టెన్నిస్ ఎల్బోతో ఆటకు దూరమైనప్పటి నుంచి ఆయన దగ్గర మోచేయి నొప్పికి మర్యాద పెరిగింది.

ఈ టెన్నిస్ ఎల్బో మోచేతి స్నాయువు నొప్పే. చాలాకాలంగా నొప్పిపెట్టే స్నాయువులో మనం అనుకునేంత వాపు ఉండదు. సూక్ష్మదర్శినిలో చూస్తే కొల్లాజెన్ పోగులు పడుగు చెదిరిన మగ్గంలా కనిపిస్తాయి. వాపు మాత్రలు నొప్పిని కొన్నాళ్లు అణచగలవు, పోగులను సరిచేయలేవు. స్టెరాయిడ్ సూదితో టెన్నిస్ ఎల్బో కొన్ని వారాలు హాయిగా ఉంటుంది గానీ, ఏడాది తర్వాత సూది వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారని పరిశోధనల్లో తేలింది. ఆ పోగులకు కావలసింది మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయే బరువు. ఇదంతా విని చిన్నాయన ఒక్క మాటన్నాడు: "నొస్తున్న చేతికి బరువా? నీకు చదువెక్కువైంది."

అయినా ఒక్క సంగతిలో ఆయనకు మొక్కాలి. రుద్దుతూ రుద్దుతూ అడుగుతాడు: "ఏం పని జేస్తున్నవ్? ఏ చెయ్యి ఎక్కువ వాడుతవ్? ఎన్ని దినాలాయె?" నా ఎక్స్‌రే చూసిన డాక్టరు ఇవేవీ అడగలేదు. సిరిపురం, వెల్లంకి నేతగాళ్ల భుజాలు, తాళ్లెక్కే గౌడన్నల మోకాళ్లు, నాట్లేసే ఆడవాళ్ల మణికట్లు పట్టుకుంటే చాలు, పని ఏమిటో చెప్పేస్తాడు. నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసే చేతినైతే పట్టుకోనక్కర్లేదు.

ఒక్క చీరకు ఆసు పోయాలంటే దాదాపు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిరగాలి. నాలుగైదు గంటల పని. ఆలేరు దిక్కు శారాజీపేటలో చింతకింది మల్లేశం తన తల్లి భుజాల నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టాడు, లక్ష్మి అని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా చిన్నాయన దృష్టిలో ఆయన వైద్యుడే. "చేతికి కాదు, పనికి మందేసిండు" అంటాడు. అంతటి మాటన్న మనిషి మరుక్షణం మళ్లీ ఇటుక వేడి చేయబోతాడు.

తన మడమ వెనక నొప్పికి మాత్రం ఏ మందూ వేసుకోడు. పొద్దున లేవగానే నాలుగడుగులు కుంటుతాడు, "నడిస్తే అదే వోతది" అంటాడు. చూడలేక ఓసారి స్వీడన్ డాక్టరు హోకాన్ ఆల్ఫ్రెడ్‌సన్ సంగతి చెప్పాను. ఆయనకూ మడమ వెనక ఇదే నొప్పి. ఆపరేషన్ చేయమంటే పై డాక్టరు ఒప్పుకోలేదట. నొప్పి ముదిరితేనైనా చేస్తారని, పంతం కొద్దీ మడమ మీద బరువేసి కసరత్తు చేశాడట. ముదరాల్సింది కాస్తా తగ్గి కూర్చుంది. 1998లో దాని మీద ఆయన బృందం అచ్చువేసిన వ్యాసంతో ఆ పద్ధతి దేశదేశాలకూ పాకింది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమను మెల్లగా కిందికి దించాలి. మోకాలు చాపి 15 చొప్పున మూడు దఫాలు, వంచి మరో మూడు, రోజుకు రెండుసార్లు, 12 వారాలు.

చిన్నాయన మొహం వెలిగిపోయింది. "చెడగొట్టుకుందామని జేసిండా! ఈయన మనోడే."

వారం తిరగకముందే బస్టాండు మెట్ల మీద చిన్నాయన, ఒక గౌడన్న, చాయ్ హోటల్ పిల్లగాడు వరసగా నిలబడి మడమలు దించుతున్నారు. పిల్లగాడికి ఏ నొప్పీ లేదు, ముందు జాగ్రత్తకట. అంతలో మోచేయి పట్టుకుని ఒకామె వచ్చింది. ఆమెనూ మెట్టెక్కించాడు.

"చిన్నాయనా, ఆమెకు నొప్పి చేతికి గదా!" అన్నాను.

"కింది నరం సదురుకుంటే పైది దాని ఎనకనే వస్తది. నువ్వు లెక్కవెట్టు బిడ్డా."

లెక్కపెట్టాను.