టాకోకు టీకా

శాన్ డియేగోలో ఇరవై ఏళ్ళుగా కాపురముంటున్న మా బావగారు జన్మలో ఒకే ఒక్క పద్యం రాశారు. అదీ నా మూలాన. "ఈ ఊళ్ళో మంచి మెక్సికన్ హోటల్ ఏది బావగారూ?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా కారులో ఉన్న టిష్యూ కాగితం తీసి, వేళ్ళ మీద గణాలు లెక్కపెట్టుకుంటూ ఒక తేటగీతి గిలికి, "అర్థమైతే వెళ్ళి తిను. కాకపోతే ఇంట్లో పెరుగన్నం ఉంది" అన్నారు. ఈ వ్యాఖ్యకు ఆ కాగితమే ఆధారం, వేరే ప్రతి లేదు. మూడో పాదం మీద పచ్చ సాల్సా మరక పడి ఒక అక్షరం చెదిరింది. దాని సంగతి ఆ చోట చెబుతాను.

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని మాట ఇచ్చి మరీ మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. నాకంత నిగ్రహం లేదు. చదివేవారు ఓర్చుకోవాలి.

బోర్డు వెలిసిన కొట్టుకు పోయి చూడు
వరుస పొడవైన చోటికి వచ్చి నిలువు
గోడ టోపీల యంగటఁ గొనకు మెపుడు
కాసు లడుగక యూరిన క్యార టిడును

ప్రతిపదార్థం: బోర్డు = పేరు రాసిన రేకు; వెలిసిన = రంగు పోయిన; కొట్టుకు = దుకాణమునకు; పోయి = కారు దిగి; చూడు = చూచునది, తినుట తరువాతి మాట; వరుస = క్యూ; పొడవైన = తలుపు దాటి పార్కింగు దాకా వచ్చిన; చోటికి వచ్చి = ఆ తావునకు చేరి; నిలువు = విసుగుకొనక నిలబడుము; గోడ టోపీల = గోడకు పెద్ద అంచుల టోపీలు తగిలించిన; అంగటన్ = హోటలునందు; ఎపుడు = చుట్టాలు వచ్చినపుడు సైతము; కొనకుము = పర్సు తీయకుము; కాసులు + అడుగక = డబ్బులు అడగకుండా; ఊరిన = వినిగరులో నానిన; క్యారటు = ఎర్రముల్లంగి; ఇడును = పెట్టును.

తాత్పర్యం: స్పష్టము.

ఇక వ్యాఖ్య. 'మెక్సికన్ హోటల్' అన్న నా ప్రశ్నలోనే ఒక దోషం ఉందని ముందు ఒప్పుకోవాలి. ఈ ఊరు ఒకప్పుడు మెక్సికోదే. 1848లో గ్వాదలూపె ఇదాల్గో సంధితో అమెరికా చేతికి వచ్చింది. ఊరి నడిబొడ్డు నుంచి సరిహద్దు పాతిక కిలోమీటర్లు. అటు పక్క టిహువానా. పొద్దున్నే గేటు దాటి వచ్చి ఇక్కడ పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరేవాళ్ళు వేలల్లో ఉంటారు. అలాంటి చోట మెక్సికన్ హోటల్ ఎక్కడ అని అడగడం, రాజమండ్రిలో పులస ఎవరైనా వండుతారా అని అడిగినట్టు. అందుకే బావగారికి ఒళ్ళు మండి పద్యం వచ్చింది. శోకంలోంచే శ్లోకం పుట్టాలని నియమమేమీ లేదు.

'బోర్డు వెలిసిన'. ఇక్కడ శ్లేష. రంగు వెలిసిన అని ఒక అర్థం. కొండ మీద స్వామి వెలిసినట్టు తనంతట తాను వెలిసిన అని రెండో అర్థం. శాన్ డియేగో టాకో కొట్లు రెండో రకమే. పెట్రోలు బంకు పక్కన, బట్టలుతికే షాపు వెనకాల, ఎవరూ కట్టినట్టు కనిపించకుండా ఉంటాయి. పసుపు గోడ, ఎర్ర అక్షరాలు, కారులోంచే ఆర్డరివ్వడానికి ఒక కిటికీ. చాలావాటికి తలుపు తాళం ఎలా ఉంటుందో తెలియదు, ఇరవై నాలుగ్గంటలూ తీసే ఉంటాయి. వెలవని బోర్డు ఒక్కటే ఉంటుంది. కౌంటీ ఆరోగ్య శాఖ వాళ్ళు అతికించే 'ఏ' అక్షరం. అది మాత్రం కొత్తగా ఉందో లేదో చూసుకోవాలి. రసికత వేరు, కడుపు వేరు.

'వరుస'. ఈ మాట దగ్గర కవి ప్రతిభకు చేతులెత్తి మొక్కాలి. వరుస అంటే క్యూ. వరుస అంటే చుట్టరికం కూడా. రాబర్టో, దొలోరెస్ రోబ్లెదో దంపతులు మెక్సికోలోని శాన్ లూయిస్ పొటోసీ ప్రాంతం నుంచి వచ్చి, 1964లో సరిహద్దు దగ్గరి శాన్ ఇసీద్రోలో టోర్టియా రొట్టెలు చేసే చిన్న కార్ఖానా పెట్టారు. అక్కణ్ణుంచి రాబర్టోస్ టాకో షాపులు మొదలయ్యాయి. చుట్టపక్కాలు కొందరు కొట్లు తీసుకున్నారు. వంట తీరు మీద ఒక చుట్టంతో మాట తేడా వచ్చి, నా పేరు వాడొద్దని రాబర్టో అనేసరికి ఆ చుట్టం బోర్డు మొత్తం మార్చే ఖర్చెందుకని ముందు రెండక్షరాలు మాత్రం మార్చి ఆల్బెర్టోస్ చేశాడని కథ చెబుతారు. ఆ తర్వాత ఫిలిబెర్టోస్, రిగొబెర్టోస్, అడల్బెర్టోస్, హిల్బెర్టోస్. ఇప్పుడు ఊళ్ళో ఏ మలుపు తిరిగినా ఒక '-బెర్టో' ఎదురవుతాడు. వీళ్ళలో ఎవరు ఎవరికి ఏమవుతారో తేల్చాలంటే మన పెళ్ళిళ్ళలో పీటల దగ్గర కూర్చునే పెద్దమ్మ లాంటివాళ్ళు కావాలి. మొత్తం మీద వరుస పొడవైనదే. ప్రత్యయంగా చూస్తే, '-బెర్టో' అనేది 'తెల్లవారుజామున మూడింటికి కూడా బురిటో దొరుకును' అనే అర్థంలో వస్తుంది.

ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. "క్యూలో నిలబడి చావడమెందుకు? ఫోనులో నక్షత్రాలు చూసుకుని పోవచ్చు గదా?" అని.

అది చెల్లదు. నక్షత్రాలు ఎవరిస్తారో ముందు విచారించాలి. పార్కింగు దొరకలేదని ఒకటి కోసేవాళ్ళు, చిప్స్ ఊరికే ఇవ్వలేదని రెండు కోసేవాళ్ళు, పుట్టినరోజుకి టోపీ పెట్టి పాట పాడారని ఐదూ వేసేవాళ్ళు. పొద్దున ఆరింటికి మెరిసే పసుపు చొక్కా, సిమెంటు అంటిన బూట్లతో వచ్చి నిలబడి మూడు టాకోలు తిని పనికి పోయే మనిషి నక్షత్రాలు వెయ్యడు. మర్నాడు మళ్ళీ వస్తాడు. కవి చెప్పిన వరుస ఆ మనిషిది. వారాంతం మధ్యాహ్నం కెమెరాలు పట్టుకున్న క్యూకి ఈ సూత్రం వర్తించదని నా అభిప్రాయం. బావగారు ఒప్పుకోలేదు.

'గోడ టోపీల'. సాల్సా మరక ఇక్కడే. 'టో' అన్న చోట పచ్చగా అలుక్కుపోయి 'గోడ గోపీల' అని కూడా చదువుకోవచ్చు. గణాలు రెండింటికీ సరిపోతాయి. కానీ గోడ మీద గోపికలున్న మెక్సికన్ హోటల్ నేనింతవరకు చూడలేదు గనక టోపీలనే సత్పాఠంగా తీసుకుంటున్నాను. పాత ఊరి వైపు, పర్యాటకులు తిరిగే చోట, ఒక హోటల్లో ఆ టోపీ కిందే కూర్చుని తిన్నాను. పేరు చెప్పను. ప్లేటు తాంబాళంలా వచ్చింది. ఏది అన్నం, ఏది చిక్కుడు, ఏది కోడి అన్నది కరిగిన చీజు కప్పేసింది. బిల్లు మాత్రం స్పష్టంగా ఉంది.

'ఊరిన క్యార టిడును'. ఛాందసులు ఇక్కడ పట్టుకుంటారు. 'క్య' సంయుక్తాక్షరం కాబట్టి ముందున్న 'న' గురువై గణం మారదా అని. క్యారెట్ అన్యదేశ్యం, వినిగరులో ఊరి మెత్తబడింది, అది ఎవరినీ గురువు చేయలేదు అని సమాధానం. ఇంకో చిక్కు: ఎవరు ఇడును? పాదంలో కర్త లేడు. 'మంచి కొట్టువాడు' అని తెచ్చిపెట్టుకోవాలి. కవి కర్తను కావాలనే దాచాడు, ఎందుకంటే ఆ కొట్లలో క్యారెట్లు ఎవరూ చేతికివ్వరు. గోడవారగా ఒక స్టీలు గిన్నె, దాన్లో ఏటవాలుగా కోసిన క్యారెట్ చక్రాలు, ఉల్లిపాయ, నిలువుగా చీల్చిన హలపేన్యో మిరపకాయలు. పక్కన చిన్న ప్లాస్టిక్ కప్పులు. తీసుకున్నవాడికి తీసుకున్నంత. మొదటి ముక్క పుల్లగా దిగుతుంది, కారం రెండు నిమిషాలాగి చెవుల్లోంచి వస్తుంది. నా అనుభవంలో ఈ గిన్నె ఖాళీగా ఉన్న కొట్టులో మాంసమూ ఎండిపోయే ఉంటుంది.

ఏం తినాలో కవి చెప్పలేదు. వ్యాఖ్యాత పూరించాలి. సముద్రం పక్కనున్న ఊరు గనక చేప టాకో ముందు. పిండిలో ముంచి వేయించిన తెల్ల చేప, సన్నగా తరిగిన క్యాబేజీ, పలచటి తెల్ల సాస్, పైన నిమ్మ. ఇది మెక్సికోలోని బాహా తీరపు తిండి. సెలవులకి శాన్ ఫెలీపె వెళ్ళి అక్కడ దీని రుచి మరిగిన రాల్ఫ్ రూబియో అనే కుర్రాడు 1983లో మిషన్ బే దగ్గర కొట్టు పెట్టి దీన్ని ఇక్కడ ఊరందరి నోటికీ అలవాటు చేశాడు. కాలిఫోర్నియా బురిటో అనేది ఇంకొకటి: కాల్చిన గొడ్డుమాంసంతోపాటు బంగాళాదుంప ఫ్రైస్ కూడా లోపలే పెట్టి చుట్టేస్తారు. అది మెక్సికోది కాదు, ఈ ఊరిదే. అదోబాదా కోసమైతే చూలా విస్టా దాకా పోవాలి. నిలువు చువ్వకు గుచ్చి తిప్పుతూ కాల్చే ఎర్రటి పందిమాంసం. లెబనాన్ నుంచి వలస వచ్చినవాళ్ళ షవర్మా మెక్సికోలో ఈ రూపం ఎత్తింది. ఆ చువ్వ మీది మాంసం గుట్టని ట్రోంపో అంటారు, అంటే బొంగరం. చూస్తే అచ్చం బొంగరమే.

శాకాహారులకు హెచ్చరిక. చిక్కుడు ముద్ద చూడ్డానికి మన పప్పులాగే ఉంటుంది కానీ చాలాచోట్ల పందికొవ్వులో వేయిస్తారు. అన్నం కోడి రసంలో ఉడుకుతుంది. "మాంసం లేదు గదా?" అని అడిగితే లేదనే అంటారు, కొవ్వు మాంసం కాదు గదా. "మాంతెకా ఉందా?" అని అడగాలి, పందికొవ్వుకి వాళ్ళ మాట అది. ఈ ఒక్క మాట తెలియక ఏళ్ళ తరబడి నిష్ఠగా పందికొవ్వు తిన్న పప్పుచారు కుటుంబాలు మీరా మెసాలో ఉన్నాయి. నేను చెప్పలేదు వాళ్ళకి.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు బావగారు ఈ పద్యం పట్టుకుని బారియో లోగన్‌లో ఒక కొట్టుకి తీసుకెళ్ళారు. వంతెన స్తంభాల నిండా బొమ్మలున్న చికానో పార్కుకి దగ్గరే. బోర్డు వెలిసింది, వరుస ఉంది, టోపీల్లేవు. లోపల ఒక ముసలావిడ పెనం మీద మొక్కజొన్న టోర్టియాలు తిరగేస్తోంది. అమ్మ గుమ్మంలోనే ఆగి, "ఇదేమిటి, సున్నం వాసనొస్తోంది" అంది. ఆమె పొరబడలేదు. ఆ మొక్కజొన్నని సున్నపునీళ్ళలో ఉడికించి నానబెట్టి, కడిగి రుబ్బుతారు. లేకపోతే పిండి అంటుకోదు. యాభై ఏళ్ళుగా ఆకూ వక్కా వేసుకునే మనిషి ముక్కు అది.

తాగడానికి హమైకా తెచ్చారు బావగారు. ముదురు ఎరుపు, చల్లగా, గ్లాసు బయట చెమట పట్టింది. అమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు దించి, మళ్ళీ ఎత్తి వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇది గోంగూర కాయ ఉడకబెట్టిన నీళ్ళు గదూ అల్లుడుగారూ?"

అదే మొక్క. ఎర్ర గోంగూర పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి రేకులు. మనం ఆకు తిని అది పారేస్తాం, వీళ్ళు అది ఎండబెట్టి తాగుతారు.

"మరి ఆకేం చేస్తారుట?" అంది అమ్మ. బావగారికి తెలియదు. అమ్మ లేచి, గ్లాసు పట్టుకుని, పెనం దగ్గరున్న ముసలావిడ వైపు నడిచింది, తెలుగులోనే అడగడానికి.