ముప్పై అయిదు వేల సైకిల్

'ఎత్తు 2.1 మీటర్లు' అని ఆ అపార్ట్‌మెంట్ సెల్లార్ బీము మీద పసుపు, నలుపు చారల మధ్య రాసి ఉంది. రాయించింది అపార్ట్‌మెంట్ సంఘం. సంఘం తరఫున పెయింటర్ పక్కన నిలబడి, అంకెలు ఇంకాస్త పెద్దవిగా వెయ్యి నాయనా, కొందరికి కళ్లు కనబడవు అని దగ్గరుండి వేయించింది ఈ కథలోని సైకిల్ యజమాని. పేరు బయటపెడితే లిఫ్టులో తలెత్తుకోలేడు కాబట్టి ఆయన్ని యజమాని అనే పిలుచుకుందాం.

సైకిల్ కార్బన్ ఫైబర్‌ది. బరువు ఎనిమిది కిలోలు. ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూపించడం ఆనవాయితీ. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య పోటీల్లో 6.8 కిలోల కంటే తేలికైన సైకిల్‌ని ఒప్పుకోదని, తనది ఆ గీతకి కిలో పై చిలుకు దూరంలోనే ఆగిపోయిందని వచ్చినవాళ్లకి బాధగా చెబుతాడు. ఆయన బరువు సంగతి సమాఖ్య నిబంధనల్లో లేదు.

కొన్న ధర 1,85,000. ఇంట్లో చెప్పిన ధర 35,000. మధ్యలో ఉన్న లక్షా యాభై వేలు ఆయన గుండెల్లో భద్రంగా ఉన్నాయి. ఆ ముప్పై అయిదు వేలకే ఇల్లాలు సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది. "స్టాండు లేదేమిటండీ? బెల్లు లేదు, క్యారియర్ లేదు, మడ్‌గార్డు కూడా లేదు. షాపువాడు పెట్టడం మర్చిపోయాడేమో, వెళ్లి అడగండి." అవన్నీ లేకపోవడానికే అంత డబ్బని చెప్పడం ఎలా? ఆయన తల ఊపి ఊరుకున్నాడు. అప్పటినుంచి సైకిల్ పడకగదిలో ఉంటోంది. వాన వస్తే సైకిల్ ఇంట్లో, యజమాని స్కూటర్ మీద.

అలాంటి సైకిల్‌ని కారుకెక్కించాలన్న బుద్ధి అనంతగిరి వల్ల పుట్టింది. వికారాబాద్ పక్కనున్న ఆ కొండలు హైదరాబాద్‌కి దాదాపు 80 కిలోమీటర్లు. మూసీ నది అక్కడే పుడుతుంది, చుట్టూ అడవి, మెలికల రోడ్డు. పోనూ రానూ తొక్కే ఓపిక లేదు కాబట్టి అక్కడిదాకా కారులో వెళ్లి, కాసేపు తొక్కి, మళ్లీ కారులో రావాలి. కారులోపల పెడదామంటే రెండు చక్రాలూ విప్పాలి, పైగా చైను జిడ్డు ఇల్లాలు కొత్తగా వేయించిన సీటు కవర్లకి అంటుకుంటే ఆ తర్వాత యజమాని కూడా కారులో ఎక్కలేడు. డిక్కీ వెనక బెల్టులతో కట్టే క్యారియర్ చవకే గానీ, దానికి కడితే నంబర్ ప్లేటు మూసుకుపోయి చలానా రావచ్చు. సైలెన్సర్‌కి దగ్గరగా చక్రం వేలాడితే ఆ వేడికి టైరూ రిమ్మూ పాడైన సందర్భాలూ ఉన్నాయి. ఇవన్నీ మూడు వారాలు చదివి, పోల్చి, చివరికి కారు టాపు మీద సైకిల్‌ని నిలువుగా నిలబెట్టే క్యారియర్ కొన్నాడు. మూడు వారాల పరిశోధనలో చదవనిది తమ సెల్లార్ బీము ఒక్కటే.

ఆదివారం తెల్లవారుజామున బయల్దేరాడు. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలని రానివ్వరు. కారు నెత్తినెక్కిన సైకిల్‌ని మాత్రం ఎవరూ ఆపలేదు, దర్జాగా వెళ్లిపోయింది. ఆ పక్కనే 2023లో ప్రారంభించిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ఉంది. తొక్కేవాళ్లకి ఎండా వానా తగలకుండా దాని మీద సోలార్ పలకల కప్పు వేశారు. కప్పు కింద తిరగాల్సిన సైకిల్ కప్పు మీద ఊరేగుతూ దాని పక్కనుంచే సాగిపోయింది.

పోలీస్ అకాడమీ దగ్గర దిగి చేవెళ్ల రోడ్డెక్కాక అసలు భయం మొదలైంది. ఆ రోడ్డుకి రెండు వైపులా మర్రిచెట్లు, అప్పటికి దాదాపు 900 ఉండేవంటారు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు వాటిని కొట్టేయొద్దని పర్యావరణ ప్రేమికులు కోర్టు దాకా వెళ్లారు. యజమాని కూడా ఒక సంతకం పెట్టాడు. ఆ పొద్దున మాత్రం ఒక్కో కొమ్మ కిందా కారు నెమ్మది చేసి, తనే తల వంచి, అవతలికి వెళ్లాక ఊపిరి వదిలాడు. కారు లోపల కూర్చున్న మనిషి తల వంచితే టాపు మీది సైకిల్ ఎత్తు ఎంత తగ్గుతుందో ఆయనకే తెలియాలి. ఏమైతేనేం, 900 మర్రిచెట్లు దాటాడు.

కొండల్లో ముప్పై కిలోమీటర్లు తొక్కాడు, రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాడు, ఫొటోలు పెట్టాడు. తిరుగు ప్రయాణంలో సైకిల్‌ని మర్చిపోయాడు.

ఇది నిర్లక్ష్యం కాదని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. ఆ వాదనలో కొంత బలం ఉంది. టాపు మీది సామాను ఏ అద్దంలోనూ కనపడదు. మొదట్లో వినిపించే గాలి హోరుకి పది కిలోమీటర్లలో చెవి అలవాటు పడిపోతుంది. ఆ పైన మనిషి రోజూ వెళ్లే దారిలో వెళ్తున్నాడు, రోజూ దిగే సెల్లార్లోకే దిగుతున్నాడు. విదేశాల్లో ఇది ఎంత మామూలంటే, గ్యారేజీ తలుపు తీసే రిమోట్‌ని డిక్కీలో పడేయమని అనుభవజ్ఞులు చెబుతారు. ఇంటి ముందు దిగి వెతుక్కుంటే గానీ పైన ఏముందో గుర్తురాదన్నమాట. ఇక్కడ రిమోట్ బదులు వాచ్‌మన్ ఉన్నాడు.

వాచ్‌మన్ చూశాడు. కుర్చీలోంచి లేచి, రెండు చేతులూ పైకెత్తి ఊపాడు. అనంతగిరి ఎక్కి వస్తున్న తనని చూసి ఇంత సంబరపడుతున్నాడే అని యజమాని కళ్లు చెమర్చాయి. ఆయన కూడా చెయ్యి ఊపాడు. "సార్! పైన సైకిల్ ఉంది సార్!" అన్న మాట మూసిన అద్దాల అవతలే ఉండిపోయింది.

ఫట్‌మంది. గుళ్లో కొబ్బరికాయ కొట్టినట్టు ఒకే ఒక్క చప్పుడు, దాని వెనకే కారు టాపు మీద ఇనుము గీరుకున్న మోత. సైకిల్ కొన్న రోజు పూజ చేయించి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిన మనిషే, కొబ్బరికాయ మాత్రం మర్చిపోయాడు. ఆ బాకీ ఇలా తీరింది.

లెక్క చాలా తేలిక. కారు ఎత్తు మీటరున్నర. క్యారియర్, దాని మీద సైకిల్ కలిపి ఇంకో మీటరు పైనే. మొత్తం రెండున్నర మీటర్లు దాటింది. అంటే బీముకి దాదాపు అర మీటరు తేడా, అదీ ఆయన పెద్దవిగా రాయించిన అంకెల సాక్షిగా. కారు నడక వేగంలోనే ఉంది. కానీ హ్యాండిల్ బీముకి తగులుకుని ఆగిపోయింది, కింద టన్ను బరువున్న కారు ఆగలేదు. ఫ్రేముని పట్టుకున్న కొక్కెం పట్టు వదలలేదు. అంత మంచి కొక్కెం కోసమే ఆయన రెండు వేలు ఎక్కువ పెట్టి కొన్నాడు.

పెద్దవాళ్లకీ తప్పలేదు కదా అని ఆ రాత్రి ఒక స్నేహితుడు ఓదార్చాడు. 2013 జూన్ 29న, నూరో టూర్ డి ఫ్రాన్స్ మొదటి రోజునే, కోర్సికా దీవిలోని బాస్టియాలో ఒక జట్టు బస్సు ముగింపు తోరణం కింద ఇరుక్కుపోయింది. అటునుంచి దాదాపు రెండు వందల మంది సైక్లిస్టులు దూసుకొస్తున్నారు. నిర్వాహకులు ముగింపు గీతని మూడు కిలోమీటర్లు ముందుకి జరిపామన్నారు. చివరికి బస్సు టైర్లలో గాలి తీసి వెనక్కి లాగి, ఎప్పటి గీతే ఖాయమన్నారు. యజమాని ఇదంతా విని, "వాళ్ల సైకిళ్లకేం కాలేదుగా?" అన్నాడు.

తర్వాతి ఘట్టం సైకిల్ షాపులో. కార్బన్‌తో చిక్కేమిటంటే ఇనుములా సొట్టపడి తప్పు ఒప్పుకోదు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పొరలు విడిపోయి ఉంటాయి. షాపు భాయ్ జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, ఫ్రేము పొడుగునా టక్ టక్‌మని కొట్టుకుంటూ వచ్చాడు. సంతలో కుండ కొనేటప్పుడు పెద్దవాళ్లు వేలితో మీటి చూడరూ, అదే విద్య. ఖంగుమంటే పదిలం, గొంతు బొంగురుపోతే బీట ఉన్నట్టు. టక్, టక్, టక్. కొక్కెం పట్టుకున్న చోటికి రాగానే చప్పుడు చెక్కమీద కొట్టినట్టు మారింది. భాయ్ మళ్లీ కొట్టాడు. మూడోసారి కొట్టబోతుంటే యజమాని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

వెనక గేర్లు మార్చే డీరెయిలర్‌ని మోసే హ్యాంగర్ కూడా వంగింది. దానికి మాత్రం ఎవరూ బాధపడలేదు. ఫ్రేముకి రావాల్సిన దెబ్బ తను తిని వంగిపోవడానికే దాన్ని మెత్తటి అల్యూమినియంతో చేస్తారు. ఫ్యూజు లాంటిదన్నమాట. ఈసారి ఫ్యూజూ పోయింది, ఇల్లూ పోయింది.

ఆ వారమే నాన్నగారు ఊరినుంచి వచ్చారు. ఆయన మేష్టారు. బదిలీ అయినప్పుడల్లా ఆయన అట్లాస్ సైకిల్ ఎర్రబస్సు టాపు మీద బియ్యం బస్తాలు, కోళ్ల గంపల మధ్య ప్రయాణం చేసేది. ఇరవై కిలోల ఇనుము. క్లీనర్ నిచ్చెన మీదనుంచి దాన్ని దించేవాడనడం కంటే వదిలేసేవాడనడం న్యాయం. హ్యాండిల్ ఒక పక్కకి తిరిగిపోతే, మేష్టారు ముందు చక్రాన్ని మోకాళ్ల మధ్య ఇరికించి, హ్యాండిల్ని ఒక్క తిప్పు తిప్పి, సంచీ తగిలించి బడికి వెళ్లిపోయేవారు. ఆ అట్లాస్ కంపెనీ 1951లో సోనీపత్‌లో పుట్టింది. 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ మూతపడింది. మేష్టారి సైకిల్ మాత్రం ఇప్పటికీ ఊళ్లో పాలకి వెళ్లొస్తోంది.

నాన్నగారు సెల్లార్లో కొడుకు సైకిల్‌ని పరిశీలించారు. "ఇంతేనా? చక్రం మోకాళ్ల మధ్య పెట్టి ఒక్క తిప్పు తిప్పరా, సరిపోతుంది" అన్నారు. అని, తనే వంగబోయారు. ఆయన్ని ఆపడానికి ఇద్దరు కావలసి వచ్చింది.

ఆ వారమంతా ఇల్లాలికి ఒక సంగతి అంతుపట్టలేదు. ముప్పై అయిదు వేల సైకిల్‌కి మనిషి అన్నం మానేస్తాడా? శనివారం సాయంత్రం ఇద్దరూ కారులో కూరగాయలకి వెళ్లి వస్తుంటే ఫోన్ మోగింది. కారు స్పీకర్లలోంచి షాపు భాయ్ గొంతు గట్టిగా వినబడింది.

"సార్, ఫ్రేమ్ రిపేర్ నలభై వేలు అయితది. రంగు వేరే."

ఆవిడ కూరగాయల సంచీ ఒళ్లోంచి కింద పెట్టింది. "ముప్పై అయిదు వేల సైకిల్‌కి నలభై వేల రిపేరా? కొత్తది కొనుక్కోండి, అయిదు వేలు మిగుల్తాయి."

"కొత్తది ఎట్ల కొంటరమ్మా" అన్నాడు భాయ్ మర్యాదగా. "లక్షా ఎనభై అయిదు వేలది కద అది!"

ఆ తర్వాత అపార్ట్‌మెంట్ దాకా కారులో ఇండికేటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ అలవాటుగా లేచి పైకి చూశాడు. టాపు మీద సొట్ట తప్ప ఏమీ లేదు. అయినా యజమాని బీముకి ఇవతలే కారు ఆపి, దిగి, ఒకసారి పైకి చూసుకున్నాడు.

ఆవిడ అద్దం దించింది.

"సరిగ్గా చూడండి. ఇంకేమన్నా ఉన్నాయేమో."