నా పేరు టీజెడ్

నేనొక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని. 1979లో వచ్చిన యునిక్స్ ఏడో వెర్షన్‌తో మొదలైంది మా వంశం. ప్రోగ్రాముకి అది ఏ ఊళ్లో ఉందో చెప్పడమే నా ఉద్యోగం. అబద్ధమైనా సరే, నమ్ముతుంది.

చెన్నై పాత మహాబలిపురం రోడ్డు మీది ఒక ఆఫీసులో నెల్లూరు అమ్మాయి నన్ను తొలిసారి పిలిచింది. అర్ధరాత్రి పన్నెండున్నరకి వేసిన బిల్లు మీద సరైన తేదీ పడాలి. ఆమె ల్యాప్‌టాప్‌లో టెస్టు పాసు, సర్వర్‌లో ఫెయిలు.

"ఏందన్నా ఇది, నా దగ్గర బాగానే ఉంది గదా!"

"సర్వర్ గ్రీనిచ్ కాలంలో ఉందమ్మా. అక్కడింకా ముందురోజు రాత్రి ఏడే."

టెస్టు నడిపే కమాండ్‌కి ముందు, అదే వరుసలో, 'టీజెడ్=యూటీసీ' అని కొట్టింది. ల్యాప్‌టాప్‌లోనూ ఫెయిలైంది. దొరికింది దొంగ! ఆ కమాండ్ ముగియగానే నేనూ పోయాను. ఆ ఒక్క ప్రాసెస్‌కీ, దాని పిల్లలకీ తప్ప నేనొచ్చిన సంగతి టెర్మినల్‌కి కూడా తెలియదు. అక్షరం తప్పు కొడితే మాత్రం లైనక్స్‌లో ఎవరూ అరవరు, గ్రీనిచ్ అనుకుని ఊరుకుంటారు.

ఇంకోసారి నాకు 'ఆసియా/కోల్‌కతా' అన్న విలువ ఇచ్చి 1900 నాటి తేదీతో పరీక్షించారు. గ్రీనిచ్‌కి ఐదున్నర గంటలు ముందుండాలి గదా, 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లే వచ్చింది. అందరూ నన్నే అనుమానించారు. అది మద్రాసు కాలం! 1906 జనవరి 1న ఐదున్నర వచ్చేదాకా కాలమండలాల పట్టికలో కోల్‌కతా పేరు కింద నడిచేది మద్రాసు గడియారమే. ఆ గడియారానికి మూలమైన 1792 నాటి వేధశాల రాతిస్తంభం ఈ ఊళ్లోనే, నుంగంబాక్కం వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద తెలుగు రాత కూడా ఉంది. చెన్నైలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లలో ఎందరు చూశారో!

నన్ను బాధపెట్టిన సంగతి వేరే. ఎవరో ఒక టెస్టు లోపల నన్ను న్యూయార్క్‌కి మార్చి, తిరిగి మార్చకుండా వదిలేశారు. తర్వాతి టెస్టులన్నీ వరసగా కూలాయి. విడిగా నడిపితే ప్రతిదీ పాసే. రెండు రోజులు కోడ్ అంతా వెతికారు, నన్నెవరూ అడగలేదు. పైటెస్ట్‌లో మంకీప్యాచ్ అనే సాధనం ఉంది, టెస్టు కాగానే నా పాత విలువను అదే తిరిగి పెడుతుంది. అయితే పైథాన్‌లో నా విలువ మారిన ప్రతిసారీ, తిరిగి పెట్టాక కూడా, టీజెడ్‌సెట్ అనే ఫంక్షన్‌ని పిలవాలి. లేకపోతే గడియారం పాత ఊళ్లోనే ఉండిపోవచ్చు. ఆ పిలుపు మంకీప్యాచ్ చేయదు, మీరే చేయాలి.

ఒక్క పరీక్ష కోసమైతే నన్ను ఎక్స్‌పోర్ట్ చేయకండి. ఆ కమాండ్ ముందు పెట్టండి, చాలు.