నొప్పి తెలియని పాదాలకు సన్మానం

సోలాపూర్ పూర్వభాగ్‌లోని కులపెద్దలకు, కార్పొరేటర్లకు, యూనియన్ నాయకులకు, డాక్టర్లకు ఒక మనవి. మన దగ్గర సన్మానాలకు ఎప్పుడూ లోటు లేదు. నూలు పున్నమి నాడు మార్కండేయుడి రథం కదిలిందంటే చాలు, మెడలో దండ పడని పెద్దమనిషి ఉండడు. చాదర్లు నేసే ఊళ్ళో కప్పడానికి గుడ్డ కరువా? అయినా ఒక వర్గానికి మాత్రం తీరని అన్యాయం జరిగింది. సాఖర్ పేఠ్ నుంచి అశోక్ చౌక్ దాకా పవర్‌లూమ్‌ల ముందు ఏళ్ళ తరబడి నిలబడి, షుగర్ తెచ్చుకుని, పాదాల్లో స్పర్శ పోగొట్టుకుని, "నాకేం నొప్పి లేదు" అంటూ రొమ్ము విరుచుకు తిరిగే మగధీరులు ఉన్నారు. వాళ్ళ మీద ఇంతవరకు ఒక్క శాలువా పడలేదు. వెంటనే సభ పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను. సన్మానపత్రం నేనే రాసిస్తాను.

"ఓ వీరపాదా! కాలిలో ఇనుపముక్క దిగినా నువ్వు ఉలకలేదు. నేల మీద నెత్తుటి అడుగులు చూసి ఇంట్లో ఆడవాళ్ళు అరిచేదాకా నీకు కబురే అందలేదు. చెప్పు కొరికినా, పుండు పడినా, పుండు కుళ్ళినా షిఫ్టు మానలేదు. వేలు నల్లబడ్డాకే ఆస్పత్రి మెట్లెక్కావు. నీ ఓర్పు చూసి సర్జన్ సైతం కత్తి పట్టుకుని తల వంచాడు."

చప్పట్లు ఆగాక అసలు సంగతి చెప్పుకుందాం. ఎక్కువైన గ్లూకోజు నరాన్ని, ఆ నరానికి తిండి పెట్టే సన్నటి రక్తనాళాన్ని కలిపి దెబ్బతీస్తుంది. ముందు చచ్చేది ఒంట్లోకెల్లా పొడవైన నరాల కొసలు. అందుకే నష్టం కాలివేళ్ళ దగ్గర మొదలై మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. ఈ దెబ్బ మగవాళ్ళలో కొన్నేళ్ళు ముందుగానే బయటపడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. పాదాల పుండ్లు, వేళ్ళూ కాళ్ళూ తీసేయడం కూడా వాళ్ళలోనే ఎక్కువ. మనిషి పొడుగైతే నరమూ పొడుగే, నరం పొడుగైతే ముప్పూ ఎక్కువే. బీడీ, మందు ఆ ముప్పుకు కొసరు. నరాల దెబ్బ తగిలినవాళ్ళలో దాదాపు సగం మందికి ఏ బాధా తెలియకపోవచ్చు. టెలిఫోను తీగ తెగిపోతే చావుకబురు కూడా రాదు. కబురు రాలేదు కాబట్టి అంతా క్షేమమేనని మన వీరుడు మీసం మెలేస్తున్నాడు.

నిర్వాహకులకు ఒక హెచ్చరిక. ఈ సభకు ఆడవాళ్ళను పిలవకండి, రసాభాస అవుతుంది. వాళ్ళు మంట అంటారు, తిమ్మిర్లంటారు, సూదులు గుచ్చుతున్నట్టుంది అంటారు. పొద్దంతా చాట ఒళ్ళో పెట్టుకుని వెయ్యి బీడీలు చుట్టి, రాత్రి నడుం వాల్చగానే పాదాల్లో నిప్పులు పోసినట్టుందంటారు. దుప్పటి తగిలినా ఓర్వలేమంటారు. ఎంత అపచారం! సోలాపూర్ చాదర్‌కు ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇస్తే, ఆ చాదర్ పాదాలకు తాకితే ప్రాణం పోతోందని సోలాపూర్ ఆడదే అనడమా? తాకితేనే నొప్పి పుట్టడం దెబ్బతిన్న నరం లక్షణమని వైద్యశాస్త్రం అంటుంది. కానీ గల్లీలో వైద్యశాస్త్రం చెల్లదు, గల్లీ శాస్త్రమే చెల్లుతుంది. "కాళ్ళు మండుతున్నయ్ డాక్టర్ సాబ్, నిద్ర పడతలేదు" అంటే "కాయ్ నాయ్ మావ్‌శీ, గ్యాస్" అని ఒక గోలీ. గ్యాస్ కాకపోతే రక్తం తక్కువ. అదీ కాకపోతే ముట్లు ఆగిపోయే వయసు. ఏదీ కుదరకపోతే టెన్షన్. ఇంట్లో అత్తగారి దగ్గర ఇంకా దగ్గరి దారి ఉంది: పని ఎగ్గొట్టే వేషం. చెప్పులు విప్పించి పాదం చూడటం తప్ప అన్ని వైద్యాలూ అయిపోయాయి.

నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మొద్దని పెద్దలు సెలవిచ్చారు. మన క్లినిక్కుల ఆరోగ్య విధానం ఈ ఒక్క సామెతలో ఇమిడిపోతుంది. మగవాడు ఏడవకూడదు కాబట్టి చెప్పడు. మరి ఏడ్చే ఆడదాని సంగతి? దానికి సామెత అక్కర్లేదని వదిలేశారు. ఆడది ఏడవడం మామూలేగా!

తెల్లదొరలు చెబితేనే చెవికెక్కే అలవాటు మనది కాబట్టి వాళ్ళ లెక్కే చెబుతాను. వాయవ్య ఇంగ్లండులో 15,692 మంది షుగర్ రోగులను పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షలో కనబడే నరాల నష్టం ఆడవాళ్ళలో మగవాళ్ళకంటే తక్కువే. అయినా నొప్పి, మంటల ముప్పు మాత్రం వాళ్ళకే 50 శాతం ఎక్కువ. దక్షిణాసియా మూలాలున్నవాళ్ళకు కూడా తక్కినవాళ్ళకంటే అంతే ఎక్కువ. మన బీడీల అక్క రెండు కోటాల్లోనూ అర్హురాలే, రెండు చోట్లా సర్టిఫికెట్ మాత్రం గ్యాస్ అనే వస్తుంది. ఇంకో మాట కూడా తేలింది. పరీక్షలో నరాల దెబ్బ కనబడనివాళ్ళలోనూ నూటికి 26 మందికి బాధ ఉంది. రిపోర్టు బాగుంటే మనిషి బాగున్నట్టేనని తేల్చేసే పండితులు ఆ అంకెను గోడకు రాసుకోవాలి.

అయినా గల్లీ డాక్టర్‌నే ఎందుకు తిట్టాలి? బిడ్డలు కనే వయసు ఆడవాళ్ళను మందుల తొలి పరీక్షలకు దూరంగా ఉంచమని 1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థే సలహా ఇచ్చింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి 1993 దాకా పట్టింది. నొప్పి మీద ప్రయోగాలకు ఎలుకల్లో కూడా మగ ఎలుకకే ముందు పీట వేశారు. నరం దెబ్బతిన్నాక నొప్పిని నిలబెట్టే కణాలు మగ ఎలుకలో ఒక రకం, ఆడ ఎలుకలో ఇంకో రకం అని 2015లో తేలింది. పాపం ఆడ ఎలుక, అంతకాలం దాన్నీ ఎవరూ అడగలేదు.

మగధీరుడు కంటతడి పెట్టే నరం ఒకటి లేకపోలేదు. పడకగదిలో షుగర్ దెబ్బ కొట్టినప్పుడు మాత్రం చీకటి పడ్డాక మొహానికి రుమాలు కట్టుకుని గుడారం హకీం దగ్గరికి పోతాడు. అది గుండె రక్తనాళాలకు కూడా ముందస్తు హెచ్చరిక కావచ్చని, దాన్ని అసలు డాక్టర్‌తోనే చెప్పాలని హకీం చెప్పడు. చెబితే లేహ్యం అమ్ముడుపోదు. మగవాడి కోసం 1998లోనే మాత్ర వచ్చింది. అదే షుగర్ ఆడవాళ్ళ శరీరసుఖాన్ని కూడా దెబ్బతీస్తుంది. ఆ ప్రశ్న ఆమెను అడిగే నోరే ఇంకా రాలేదు.

ఇక చేతుల సంగతి. మణికట్టు దగ్గర నరం నలిగి వేళ్ళు మొద్దుబారే జబ్బు ఆడవాళ్ళలో ఎక్కువ, షుగర్ ఉన్నవాళ్ళలో ఎక్కువ, ఒకే కదలికతో పొద్దంతా చేతులాడించేవాళ్ళలోనూ ఎక్కువ. ఈ మూడూ కలిసిన మనిషిని చూడాలంటే పూర్వభాగ్‌లో ఏ గడప ముందైనా నిలబడండి. ఆమె వేళ్ళను శ్రద్ధగా పరీక్షించే సంస్థ ఒక్కటుంది: బీడీ కంపెనీ. చుట్టు వదులైతే బీడీ పక్కకు పోతుంది, కూలి కోసుకుపోతుంది. రోగం కనిపెట్టి రోగికే జరిమానా వేసే ఆస్పత్రి ప్రపంచంలో ఇంకెక్కడుంది? తాగేవాడి కోసం కట్ట మీద 85 శాతం మేర హెచ్చరిక వేశారు, చుట్టే చేతికి ఒక్క శాతం కూడా వేయలేదు. బీడీ కార్మికుల వైద్యం వంటి సంక్షేమానికని 1976 చట్టం కింద వసూలు చేసిన సెస్సు కూడా 2017లో జీఎస్టీ రాకతో పోయింది.

మంచి జరిగితే మంచే అనాలి. కుంభారిలో బీడీ కార్మిక మహిళలకు పోరాడి సాధించుకున్న 10,000 ఇళ్ళున్నాయి. రాయ్‌నగర్‌లో 30,000 ఇళ్ళలో 15,000 ఇళ్ళను 2024 జనవరి 19న ప్రధానే వచ్చి అప్పగించారు. ఇళ్ళు లెక్కపెట్టారు, తాళాలు లెక్కపెట్టారు. గడప దాటే పాదాలను ఎవరు లెక్కపెట్టాలి?

దానికి పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. 10 గ్రాముల ఒత్తిడికి వంగే నైలాన్ పోగు ఒకటి, 128 హెర్ట్జ్ శ్రుతిదండం ఒకటి, చెప్పులు విప్పండి అనే మాట ఒకటి చాలు. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గి అదీ నరాలనే తినవచ్చు కాబట్టి ఆ పరీక్ష కూడా చేయించాలి. నొప్పి లేదన్న మగవాడి మాట నమ్మకుండా పాదం చూడాలి. మంట అన్న ఆడదాని మాట నమ్మి పాదం చూడాలి. నరాల మంటకు మందులున్నాయి, గ్యాస్ గోలీ వాటిలో లేదు.

పోగుల మీద బతికే ఊళ్ళో జానెడు నైలాన్ పోగు దొరకదంటే నవ్విపోతారు. టైం లేదంటారా? ఈ పరీక్షకు పట్టేది కొద్ది నిమిషాలు. కాలు తీసేయడానికి ఆపరేషన్ థియేటర్‌లో గంటలు దొరుకుతున్నాయిగా, అందులోంచే అప్పు తీసుకోండి.