పద్నాలుగు అంతస్తులకు తగిలిన దిష్టి

కొన్నాళ్ళుగా అలాస్కాలోని విట్టియర్ ఊరు నన్ను వదలడం లేదు. ఊరితో నాకు పేచీ లేదు, దాని మీద వచ్చే వీడియోలతోనే. "ఊరంతా ఒకే బిల్డింగ్‌లో! నమ్మలేరు!" అంటూ అవి ఫ్యామిలీ గ్రూపుల్లో గుడ్ మార్నింగ్ పువ్వులకీ షుగర్ తగ్గించే చిట్కాలకీ మధ్య వచ్చి కూర్చుంటున్నాయి. చివర్లో అన్నిటిదీ ఒకటే ప్రశ్న: "ఇలాంటి చోట మీరు ఉండగలరా?" ముప్ఫయ్యో అంతస్తులో ఉంటూ, నెలనెలా మెయింటెనెన్స్ కడుతూ, పొద్దున్నే లిఫ్టు కోసం నిలబడే హైదరాబాదీని పట్టుకుని అడగాల్సిన ప్రశ్నేనా ఇది? 2020 జనాభా లెక్కల్లో విట్టియర్ మొత్తం 272 మంది. మనవైపు ఒక టవర్ వాట్సాప్ గ్రూపులో అంతకన్నా ఎక్కువమందే పార్కింగ్ గురించి తిట్టుకుంటూ ఉంటారు. విట్టియర్‌లో వింత ఉంది, నిజమే. అది భవనంలో లేదు, రేవులో ఉంది. వీడియో తీసేవాళ్ళు రేవుకి వీపు పెట్టి భవనం ఫొటో తీసుకుంటారు.

ముందు ఆ భవనం సంగతే చూద్దాం. పేరు బెగిచ్ టవర్స్, 14 అంతస్తులు, ఊళ్ళో ఎక్కువమంది ఉండేది అందులోనే. పోస్టాఫీసు, కొట్టు, క్లినిక్, చర్చి అక్కడే. పక్కనున్న బడికి నేల కింద నుంచి దారి. ఇదంతా ఎవరో మహానుభావుడు కలిసిమెలిసి బతకడం మీద ఆలోచించి కట్టినట్టు చెబుతారు. కట్టింది 1950ల్లో అమెరికా సైన్యం, తన మనుషుల కోసం. అప్పట్లో దాని పేరు హాడ్జ్ బిల్డింగ్. 1972లో విమానంతో సహా కనిపించకుండా పోయిన కాంగ్రెస్ సభ్యుడు నిక్ బెగిచ్ పేరు తర్వాత పెట్టారు. ఇంకో సంగతి: "ఒకే కప్పు కింద ఊరు" అన్న బిరుదు అసలు దీనిది కానే కాదు. దగ్గర్లోనే సైన్యం 1953లో పూర్తిచేసిన బక్నర్ బిల్డింగ్‌ది. థియేటరు, బౌలింగ్ ఆట, ఆసుపత్రి, చివరికి జైలు కూడా పెట్టి దాన్ని కట్టారు. ఇప్పుడు అందులో మనుషుల్లేరు, కిటికీల్లేవు. గోడల నిండా ఆస్‌బెస్టాస్ ఉండడంతో కూలగొట్టడానికీ ధైర్యం చాలడం లేదు. పాడుబడ్డ ఇంటి బిరుదు తీసి పక్కింటికి తగిలించి, దానికి వెనకాల సంగీతం పెట్టి మనకు పంపుతున్నారు.

"ఎవరు కట్టించినా, విడివిడిగా ఇళ్ళు కట్టుకోకుండా ఇంకా అందులోనే ఉండడం వింత కాదా?" అనవచ్చు. ఎక్కడ కట్టుకుంటారు? చుట్టూ కొండలు, మంచుగడ్డలు, ఎదురుగా సముద్రం. మిగిలిన నేలలో చాలా భాగం రైల్వేది. వానా, కరిగిన మంచూ కలిపి ఏడాదికి 190 అంగుళాలకు పైనే. అలాంటిచోట గట్టి గోడలున్న భవనం ఖాళీగా దొరికితే ఎవరైనా అందులోనే ఉంటారు. దీన్ని ఆదర్శ జీవితం అనడం, "అన్నీ ఆవరణలోనే" అని బ్రోషర్లు అచ్చేసే మన బిల్డర్లకు ఉచిత ప్రచారం. పైగా ఊరికి మేయరూ కౌన్సిలూ ఉన్నట్టే, భవనానికి ఫ్లాటు యజమానుల సంఘం కూడా ఉంది. పైకప్పు కారితే ఏ మీటింగులో అరవాలన్నది తేల్చుకోవాలి. ఇంత గొప్ప నాటకాన్ని ఒక్క వీడియో కూడా చూపించదు.

సొరంగం గురించి మాత్రం రెండు మాటలు చెప్పక తప్పదు. రెండుతో ఆగుతానన్న హామీ ఇవ్వను. విట్టియర్‌కి రోడ్డు మీద వెళ్ళాలంటే కొండను తొలిచిన రెండున్నర మైళ్ళ ఆంటన్ ఆండర్సన్ సొరంగం ఒక్కటే దారి. ఉన్నది ఒకటే వరస. రైలూ అందులోనే, కారూ అందులోనే, పట్టాల మీదుగానే. 2000 దాకా రైలుకే పరిమితం, ఆ ఏడాది కార్లనీ రానిచ్చారు. గంటకోసారి పావుగంట ఇటు నుంచి, పావుగంట అటు నుంచి వదులుతారు. రాత్రి మూసేస్తారు, ఆలస్యమైతే కార్లోనే పడక. మన రైల్వే గేటు దగ్గర పెరిగినవాళ్ళకి ఇది ఊహకందదు. గేటు పడగానే మనం ఏం చేస్తాం? బండి వంచి కింద నుంచి దూరతాం. దూరలేనివాళ్ళం రోడ్డు రెండు పక్కలా ముందుకి తోసుకొస్తాం. అవతలివాళ్ళూ అదే పని చేస్తారు. గేటు లేచేసరికి రెండు సైన్యాలు ఎదురెదురుగా నిలబడి, ఒక్కడూ కదల్లేడు. గేట్‌మన్‌ని తిట్టి, జామకాయలు కొనుక్కుని, ముందున్నవాడికి "కొంచెం వెనక్కి తియ్యన్నా" అని చెబుతాం. విట్టియర్‌లో ఈ విద్యలేవీ పనికిరావు. పూలదండలతో పెళ్ళికొడుకు దిగొచ్చినా టైంటేబులు టైంటేబులే. నన్నడిగితే, నాగరికతకు కొలత ఒకే కప్పు కింద బతకడం కాదు, ఖాళీగా కనిపిస్తున్న సొరంగం ముందు హారన్ కొట్టకుండా కూర్చోవడం. అక్కడ జామకాయలమ్మేవాళ్ళు లేరన్న ఒక్క లోపం మాత్రం ఒప్పుకోవాలి.

సొరంగం తవ్వింది వీడియో తీసేవాళ్ళ కోసం కాదు. శీతాకాలంలోనూ గడ్డకట్టని లోతైన రేవు కావాల్సి వచ్చి, రెండో ప్రపంచయుద్ధంలో సైన్యం ఈ కొండను తొలిచింది. ఎప్పుడూ కమ్ముకుని ఉండే మబ్బు శత్రు విమానాల నుంచి కాపాడుతుందనుకున్నారు. అలాస్కా రైలు మార్గానికి మిగతా అమెరికా పట్టాలతో సంబంధం లేదు. అందుకే సియాటిల్‌లో రైలు పెట్టెలనే బార్జి మీదికి ఎక్కించి, సముద్రం దాటించి, విట్టియర్‌లో మళ్ళీ పట్టాల మీదికి దించుతారు. రైలు పడవెక్కి వచ్చే ఊళ్ళో నిలబడి అపార్ట్‌మెంటుని చూసి నోరు తెరవడాన్ని ఏమనాలి? వేసవిలో క్రూయిజ్ ఓడలొస్తాయి, చేపల పడవలు తిరుగుతాయి. ఊరు తినే తిండి అక్కడిది.

ఆ నీళ్ళే ఒకసారి ఊరిని మింగాయి. 1964 మార్చి 27, గుడ్ ఫ్రైడే సాయంత్రం 9.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. సైన్యం అప్పటికే వెళ్ళిపోయింది. మిగిలింది డెబ్బై మందిదాకా. వెంటనే వచ్చిన అలలకు వాళ్ళలో 13 మంది చనిపోయారు. ఆ భవనం మాత్రం నిలబడింది. అలాంటి ఊళ్ళో గట్టి గోడల మధ్యకు చేరడం వెనక ఎంత భయం ఉంటుందో, ఎంత జ్ఞాపకం ఉంటుందో మనకేం తెలుసు? అయినా వచ్చినవాడల్లా వాళ్ళని అడిగేది "బోరు కొట్టదా?" అనే.

కాబట్టి విట్టియర్‌ని చూడాలనుకున్నవాళ్ళు రేవు చూడటానికి వెళ్ళండి. సొరంగం వేళలు ముందే చూసుకోండి. టోల్ ఊళ్ళోకి వెళ్ళేటప్పుడే తీసుకుంటారు, తిరిగి రావడానికి పైసా అక్కర్లేదు.