ఏజెంటుగారూ, సెంట్రింగ్ విప్పకండి

సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఈ మధ్య మర్యాద ముంచుకొచ్చింది. మన మీద కాదు, మన తరఫున పనులు చక్కబెట్టే ఏఐ ఏజెంట్ల మీద. కట్టుబడి పనులు నడిపించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయి కదా, 2002లో కాలిఫోర్నియాలో మొదలైన ప్రోకోర్ లాంటివి. ఎవరు ఏ పని చేయాలి, ఏ తేదీకి కావాలి, బిల్లు ఎంతైంది అని లెక్క చూసేవి. వాటికి ఏపీఐ అని ఒక పక్కవాకిలి ఉంటుంది. ఇంకో ప్రోగ్రాం అక్కడికొచ్చి పని పురమాయించవచ్చు. ఎలా అడగాలో, ఏది అడగకూడదో చెప్పే రాతే డాక్యుమెంటేషన్. ఇన్నాళ్లూ అది రాయమంటే ఇంజినీర్లకు ప్రాణం మీదికొచ్చేది. 2024 నవంబరులో ఏఐని బయటి పనిముట్లకు కలిపే ఎంసీపీ అనే ఉమ్మడి పద్ధతిని ఆంత్రోపిక్ ప్రకటించాక, చదివేది మనిషి కాదని తేలిపోయాక, కలాలు పరుగెత్తుతున్నాయి. ప్రతి పనిముట్టుకూ వివరణ, ప్రతి గడికీ ఉదాహరణ, ‘అనుమానముంటే యజమానిని అడిగి చేయండి’ అని బుజ్జగింపు. దసరాకు వచ్చిన కొత్తల్లుడికి కూడా ఇన్ని మర్యాదలు జరగవు.

మరి ఇల్లు కట్టే మేస్త్రీకి ఎవరైనా ఒక్క పేజీ రాశారా? కోరుట్ల, మెట్‌పల్లి వైపు వాడల్లో తిరిగితే గల్ఫ్ పైసలతో లేస్తున్న ఇళ్లు కనబడతాయి. యజమాని దుబాయిలోనో దమ్మాంలోనో ఉంటాడు. చాలాసార్లు అక్కడ ఆయన చేసేదీ కట్టుబడి పనే, సలాక కట్టడమో షట్టరింగో. అక్కడి పెద్ద సైట్లలో ఇలాంటి సాఫ్ట్‌వేర్లు నడుస్తుంటాయి. వాటిలో ఆయన పేరు హాజరు పట్టీలో ఒక వరుస. సొంతింటి ప్రాజెక్టు మేనేజిమెంటు మాత్రం డ్యూటీ దిగినాక వాట్సాప్‌లో సాగుతుంది.

“కాకా, స్లాబ్ ఎప్పుడు పోస్తున్నరే?”

“వాన రాకుంటె శనివారం పోస్తం బిడ్డా. సలాక దిగాలె. నువ్వైతే పైసలెయ్యి.”

ఈ జవాబును ఏపీఐలోకి ఎక్కించండి చూద్దాం. తేదీకి గడి ఉంది. 2025-06-14 అని ఏడాది ముందు, రోజు చివర రాయాలని, తేడా వస్తే తిప్పికొడతామని డాక్యుమెంటేషన్ ఖరాఖండిగా చెబుతుంది. ‘వాన రాకుంటె’కు గడి లేదు. మృగశిర కార్తెకు లేదు, మూఢానికి లేదు. పైసలు పడితే సలాక, సలాక దిగితే స్లాబ్, ఆపైన దేవుడి దయ అన్న వరుసంతా మేస్త్రీ ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. అదే చెప్పడానికి ఏజెంటుకు మూడు నాలుగు పనిముట్లను పిలవాల్సి వస్తుంది, అప్పటికీ వాన మిగిలిపోతుంది.

ఆ డాక్యుమెంటేషన్లో చేంజ్ ఆర్డర్ అని ఇంకో పెద్ద అధ్యాయం. పనిలో మార్పు వస్తే ఎవరు అడిగారు, ఖర్చెంత, ఎవరు ఒప్పుకున్నారు అన్నవి నింపాలి. మన దగ్గర మార్పు అడిగేది వాస్తు చూసేటాయన, ఖర్చు భరించేది దుబాయి కొడుకు, ఒప్పుకునేది వాళ్లమ్మ. లెంటల్ దాకా లేచిన గోడ ముందు నిలబడి “వంటిల్లు ఆగ్నేయానికి రావాలె” అని ఆమె అన్నదంటే మంజూరైనట్టే. సిరిసిల్లకు పోతే మొదటి గడిలోనే చిక్కు: నివాసమా, వాణిజ్యమా, ఒకటే ఎంచుకోండి. సాంచాల (మరమగ్గాల) షెడ్డూ పడకగదీ ఒకే గోడ పంచుకునే ఇంటివాడు ఏది నొక్కాలి?

ఈ గడుల బాధ మనకు కొత్తదేం కాదు. 2020 నవంబరులో ఇంటి అనుమతులకు టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది, అప్పటి మున్సిపల్ మంత్రి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆరే. 75 గజాల లోపు జాగకు ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలన్నారు. మంచి నిబంధనే. కానీ జగిత్యాలలో ఆ తెర ముందు కూర్చున్నది ఇల్లు కట్టుకునేవాడు కాదు, నెట్ సెంటర్ పిల్లగాడు. ఏ బటన్ ముందు నొక్కాలో, ఏ కాగితం ఏ సైజుకు కుదించాలో ఎవరూ రాయని డాక్యుమెంటేషన్ మొత్తం వాడి తలకాయలో ఉండేది. ఇప్పుడు ఇందిరమ్మ ఇళ్లు: సర్కారు సాయం 5 లక్షలు, బేస్‌మెంటు, గోడలు, స్లాబ్, పూర్తి అని నాలుగు దఫాలు. దశ దాటినట్టు ఫొటో యాప్‌లోకి ఎక్కితేనే పైసలు. రేపు ఈ గడులన్నీ ఏజెంట్లే నింపుతాయి, మనిషి అవసరమే ఉండదు అని మురిసేవాళ్లున్నారు. కానీ ఒక్క మాట తప్పు పడితే ఒక కుటుంబం గోడల మీద రేకులు కప్పుకుని ఇంకో వానాకాలం గడపాలి.

అసలు భయం, స్లాబ్ గట్టిపడేదాకా కింద మోసే సెంట్రింగ్ దగ్గర. ఐఎస్ 456 అనే మన ప్రమాణం, 2000 నాటి ముద్రణలో, 4.5 మీటర్ల లోపు స్లాబ్‌కు కింది ఆధారాలు 7 రోజులు ఉంచమంటుంది, అది దాటితే 14. 6 మీటర్లు దాటిన దూలానికి 21. అదీ మామూలు సిమెంటుకు. బూడిద కలిసిన పీపీసీ అయితే ఇంకా ఆగాలి. ఏపీఐలో ఇదంతా ఒక ‘టాస్క్’, దాని తేదీని ఎటైనా జరపొచ్చు. యజమాని “శ్రావణంల గృహప్రవేశం, జర జల్ది కానియ్యి” అన్నాడనుకోండి, ఏజెంటు ఖాళీ రోజులు వెతుకుతుంది. ఆ 14 రోజులూ ఎవ్వరూ పని చేయడం లేదు మరి! కాంక్రీటు పని చేస్తున్నదని ఏ గడిలోనూ లేదు. సెంట్రింగ్ డబ్బాల కిరాయి మిగిల్చానని ఏజెంటు సంబరంగా రిపోర్టు కూడా పంపుతుంది.

ఎంసీపీలో 2025 మార్చి నుంచి ‘ఇది చెరిపేసే పని కావచ్చు’ అని హెచ్చరించే గుర్తు ఒకటుంది. రికార్డు తుడిచే పనికి దాన్ని ఠంచనుగా తగిలిస్తారు. తేదీ జరిపే పనికి తగిలించాలని ఎందరికి తోస్తుంది? తుడిచిన రికార్డును బ్యాకప్ నుంచి తెచ్చుకోవచ్చు. ఆరో రోజున జాకీలు లాగేసిన స్లాబ్‌ను ఎక్కడి నుంచి తెస్తారు? పైగా ఆ గుర్తులు సూచనలు మాత్రమే, సర్వరు మీద నమ్మకం లేకుంటే వాటినీ నమ్మొద్దని ఆ ప్రమాణమే చెబుతుంది. నిజాయితీకి దండం.

బుద్ధిగల మేస్త్రీ ఏం చేస్తాడంటే, పోసిన తేదీని పిల్లర్ మీద చాక్‌పీసుతో రాస్తాడు. జాకీ విప్పడానికి వంగిన కూలీ కంటికి ఎదురుగా. భాష తెలుగు, చదివేవాడు పక్కనే. ఇంతకు మించిన డాక్యుమెంటేషన్ నేనింకా చూడలేదు.

ఇక సాఫ్ట్‌వేర్ వాళ్ల రాతల్లో ఏజెంటు కోసం కాకుండా వకీళ్ల కోసం రాసిన పేజీ ఒకటుంటుంది, షరతులది. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాం, నష్టానికి మా పూచీ లేదు. స్లాబ్ పగిలితే కోరుట్లలో పెద్దమనుషుల ముందుకు ఎవరిని పిలుస్తారు? ఏజెంటుకు ఊరు లేదు, కంపెనీకి పూచీ లేదు, కొడుక్కి సెలవు లేదు. గుత్తకు పట్టిన మేస్త్రీనే పిలుస్తారు. అడిగే మొదటి మాట, “సెంట్రింగ్ ఎవడు ఇప్పమన్నడు?” ఆ జవాబుకు ఒక గడి పెట్టండి. పేరు, ఫోన్ నంబరు, మనిషిది. అది ఖాళీగా ఉంటే తేదీ జరగకూడదు. మిగతా పేజీలు ఏజెంటుకు ఎంత ముద్దుగా రాసుకున్నా మాకు అభ్యంతరం లేదు.